ఎండకు భయపడి బాయి దిగిన కాకా

మా పక్క క్వార్టర్ కాకా పోయాడని మొన్న పొద్దున కబురొచ్చింది. బాపు మందమర్రి బజారుకు వెళ్లి, హుస్నాబాద్‌లో నేను పనిచేసే బడికి ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. రిటైర్ కావడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు నమ్మబుద్ధి కాలేదు. బొగ్గుబాయి మనిషి చావు కబురు బాయి నుంచే వస్తుందన్న భయం మా కాలనీలో పెరిగిన వాళ్లందరికీ ఉంటుంది. ఈయన తన మంచం మీద, నిద్రలో పోయాడు.

ఆయన మాకు చుట్టం కాదు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నేను చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు ఆయన పెదవుల మీద, వేళ్ల కొసల మీద బొల్లి మచ్చలు మొదలయ్యాయి. చూస్తుండగానే ఒళ్లంతా పాకి మనిషి మొత్తం తెల్లబడ్డాడు. అప్పుడు ఆయనది సర్ఫేస్ పని, అంటే బాయిలోకి దిగకుండా పైన, ఆరుబయట బొగ్గు వ్యాగన్ల దగ్గర. ఎండాకాలం వస్తే మెడా చేతులూ చెవులూ కాలి పొక్కులు లేచేవి.

మందు చెప్పని మనిషి లేడు. బొల్లికి ఎండే మందని, బావంచాల గింజలు నూరి పూసుకుని ఎండలో కూర్చుంటే రంగు తిరిగి వస్తుందని అందరిదీ ఒకటే మాట. నన్ను కన్న మా అవ్వే ఆ గింజలు తెప్పించి నూరి ఇచ్చింది. కాకా పాపం నమ్మకంగా పూసుకుని, చొక్కా విప్పి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో కూర్చున్నాడు. మర్నాటికి చేతులు పూరీల్లా పొంగాయి. ఆసుపత్రిలో డాక్టరు కట్లు కట్టి బాగా తిట్టాడట. ఎండను ఆపేది తోలులోని రంగే, నీకు అది లేదు, నీకు ఎండ మందు కాదు నిప్పు అన్నాడట. నిండా బట్ట కప్పుకో, నీడపట్టున పని చూసుకో, ఏళ్ల తరబడి ఇట్లా మాడితే మానని పుండ్లు పడతాయి అని కూడా చెప్పాడట.

నీడపట్టున పని ఎక్కడ దొరుకుతుంది? ఆఫీసులో కుర్చీ ఇచ్చే చదువు కాదు ఆయనది. ఆలోచించి ఆలోచించి, నన్ను బాయిలోకి దించండి అని పోయి అడిగాడు. కాలనీ అంతా నోరు వెళ్లబెట్టింది. అక్కడ ప్రతివాడూ పైరవీ చేసేది పైకి రావడానికే. ఆఫీసరు కూడా ముందు నవ్వి, తర్వాత ఆయన చేతులు చూసి సరేనన్నాడట.

నవ్వనిది చిన్నమ్మ ఒక్కతే. కాకా భార్యను మేం అట్లాగే పిలిచేవాళ్లం. ఆమె అన్న బాయిలో కప్పు కూలి పోయాడు. కాకా అడిగొచ్చిన రోజు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. గోడకు ఇవతల మాకు ప్రతి మాటా వినబడింది.

"ఎండకు తోలు పోతది, గంతే. బాయి కూలితె మనిషే పోతడు. నాకు నీ తోలెందుకు, నువ్వు గావాలె."

 కాకా మెల్లగా అన్నాడు.

"బాయి కూలుతదో లేదో ఎవలకెరుక? పొద్దయితె రోజూ పొడుస్తది గదా."

దిగాడు. చిన్నమ్మ కొన్నాళ్లు ఆయనతో మాట మానేసింది. సద్ది కట్టడం మాత్రం మానలేదు.

పొక్కులు మానాయి. పొద్దుటి షిఫ్టు పడితే మధ్యాహ్నమే పైకి వచ్చేవాడు గానీ ఇంటికి రాడు, బాయి దీపాలిచ్చే ల్యాంపు రూంలోనే కూర్చుని పొద్దు వాలాక కదిలేవాడు. అందరూ తప్పించుకునే రాత్రి షిఫ్టు తానే అడిగి వేయించుకునేవాడు. ఉడికిపోయే ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చొక్కా, మెడ చుట్టూ తువ్వాల. బొగ్గుమసితో పైకొచ్చే గుంపులో ఆయనెవరో మాకు ఆనవాలు దొరికేది కాదు. ఆ మాట చెబితే మురిసిపోయేవాడు. అవ్వ వాకిట్లో మిరపకాయలు ఆరబోసి నన్ను కాపలా పెడితే, తన తలుపు చాటు నుంచే కేకేసేవాడు. "వదినె, ఎండ మిరపకాయలకు పెట్టు. పిల్లకెందుకు?" ఇప్పుడు మా బడిలో నా మాట మీద ప్రార్థన ఎండలో కాక వరండాలో జరుగుతుంది. పిల్లల్ని సుకుమారం చేస్తున్నానని తోటి సార్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. నాకు ఎండ అంటే ఏమిటో నేర్పింది పుస్తకం కాదు, ఆయన చేతులు.

ఇన్నేళ్లూ ఆయన షిఫ్టులో ఉన్నంతసేపూ చిన్నమ్మకు ముద్ద దిగేది కాదు. ఆయన తోలు చల్లబడటానికి ఆమె గుండె ఎంత కాలిందో గోడ పక్కనున్న మాకు తెలుసు. అయినా ఆయన చెప్పింది నిజమని ఆమె ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

నేను చేరేసరికి కాకాను వాకిట్లో షామియానా కింద బల్ల మీద పడుకోబెట్టారు. ఉట్నూర్‌లో ఇచ్చిన బిడ్డ రావాలి, అందుకే ఆగారు. మధ్యాహ్నం వాలేసరికి షామియానా నీడ పక్కకు జరిగి, ఎండ ఆయన పాదాల మీదికి వచ్చింది. చిన్నమ్మ తలెత్తింది.

"ఆయన మీద ఎండ వడ్తాంది. జర ఇవతలికి జరుపుండ్రి."

ఒక పెద్దమనిషి ఇంకెక్కడి ఎండ అనబోయి ఆగిపోయాడు. ఆయనతో బాయి దిగే నలుగురు లేచి బల్లను నీడలోకి జరిపారు. ఉట్నూర్ బస్సు ఇంకా రాలేదు. కాసేపటికి ఎండ మళ్లీ పాదాల దాకా వచ్చింది. ఈసారి ఎవరూ చెప్పలేదు, వాళ్లే లేచి జరిపారు.