మూడుసార్లు బిగించిన హెడ్‌లైట్లు

పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "బండి ఎక్కడుందాంటీ?" అని అడిగాను. అలా అడిగిన నన్ను ఆంటీ ఏమీ అనలేదు. "ఇంటి ముందరే ఉందమ్మా. టీ తాగుతా కూర్చున్నారు, అట్లే ఒరిగిపోయినారు" అన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నాకు నమ్మకం కుదరలేదు. మొన్న ఆదివారం సాయంత్రమేగా ఆయన చేతికి స్క్రూడ్రైవర్ అందించాను.

బండి సంగతి ఎందుకు అడిగానో మీకు చెప్పాలి. చెబితేగాని నా మనసు కుదుటపడదు.

అంకుల్‌ది అనంతపురం వైపు. ఇక్కడ ఎడ్మంటన్‌లో ఒక ప్లాంట్‌లో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అయిన వారానికే పాత మోటర్‌హోమ్ ఒకటి కొనుక్కొచ్చారు. పొయ్యి, మంచం, సింకు అన్నీ లోపలే ఉంటాయి. ఇంచుమించు నా వయసుంటుంది దానికి. "మా ఇంట్లో అందరికంటే ఆరోగ్యంగా ఉండేది ఇదే" అనేవారు, ఆంటీకి వినపడేలా. వేసవిలో ఖాళీ పార్కింగ్ లాట్‌లో నాకూ దాన్ని నడపడం నేర్పారు.

ఏ పని మొదలుపెట్టినా ముందు నేల మీద పాత టవల్ పరిచేవారు. విప్పిన స్క్రూలు విప్పిన వరసలోనే దానిమీద పెట్టేవారు. తుప్పుపట్టింది కదలకపోతే, "దాంతో కొట్లాడకూడదమ్మా. చుక్క నూనె వేసి టీ తాగొస్తే అదే దారికొస్తుంది" అనేవారు. ఆ టీకి నాకూ పిలుపుండేది. ఈ ఊళ్ళో నన్ను "తిన్నావా" అని అడిగిన మొదటి మనిషి ఆయనే.

సెప్టెంబరులో హెడ్‌లైట్లు మసకబారాయన్నారు. ఇద్దరం కలిసి రెండూ మార్చాం. "ఈ నాలుగు స్క్రూలే విప్పు. పక్కనున్న రెండూ ముట్టొద్దు, అవి వెలుతురును పైకీ కిందికీ తిప్పేవి. వెలుతురు రోడ్డు మీద పడాల, ఎదురొచ్చే వాని కంట్లో కాదు" అని నేర్పారు. సాయంత్రం చీకటి పడగానే బండిని గరాజ్ తలుపుకు ఎదురుగా నిలిపి లైట్లు వేశాం. తలుపు మీద పెచ్చులూడిన రంగు, మూలనున్న సాలెగూడు కూడా నాకు స్పష్టంగా కనపడ్డాయి. అంకుల్ కళ్ళు చికిలించి చూశారు.

"ఇంకా మసగ్గానే ఉంది కదమ్మా? నువ్వు చెప్పు, ఎట్లుంది?"

తేడా లైట్లలో లేదని అప్పుడే అర్థమైంది. అయినా, "అవునంకుల్, కొంచెం మసగ్గానే ఉన్నట్టుంది" అన్నాను.

ఆఫీసు మీటింగుల్లో మేనేజర్ లెక్క తప్పని మొహం మీదే చెప్పేదాన్ని. పెద్దాయన ముందు మాత్రం నోరు పెగల్లేదు. రెండు వారాల తర్వాత కనెక్షన్లు శుభ్రం చేసి, ఆ లైట్లనే మళ్ళీ విప్పి బిగించారు. అదే ప్రశ్న, అదే జవాబు. మొన్న ఆదివారం మళ్ళీ కొత్తవి తెచ్చి బిగించారు. మళ్ళీ అదే. పైగా నెలాఖరుకి ఆంటీని కొండల దాకా తిప్పుకొస్తానన్నారు. కళ్ళు చూపించుకోండి అంకుల్ అని మెసేజ్ టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. అందుకే ఆ ఫోన్ రాగానే ఎక్కడో హైవే పక్కన పడి ఉన్న బండే నా కళ్ళముందుకు వచ్చింది.

బుధవారం ఆంటీ తాళాలు నా చేతిలో పెట్టారు. "వచ్చేవాళ్ళ కార్లకి చోటు కావాల. బండి వీధిలోకి తీస్తావా?"

తాళాలు పట్టుకున్నాక ఇక ఆగలేకపోయాను. "ఆంటీ, లైట్లు మూడుసార్లూ బాగానే ఉన్నాయి. అంకుల్‌కి నేను అబద్ధం చెప్పాను."

"ఆయనకు తెలుసమ్మా" అన్నారు ఆంటీ. "ఇంక నడపొద్దని కళ్ళ డాక్టరు ఎండాకాలంలోనే చెప్పినాడు. అప్పట్నుంచి రోడ్డెక్కిందే లేదు. కొండలని ఆయన అంటా ఉన్నారే గానీ నేనెప్పుడూ సంచి సర్దలేదు."

"మరి లైట్లెందుకు మార్చారు?"

"బండి వదిలేస్తానని ఆయన నోటితో ఆయన అనలేకపోయినారు. లోపం లైట్లది కాదని నువ్వు చెప్తే తాళాలు నీకే ఇచ్చేస్తానని కూర్చున్నారు. ప్రతిసారీ లోపలికొచ్చి, ఈసారి కూడా చెప్పలేదే ఆ పిల్ల, అనేవారు."

మర్యాద అనుకున్నాను, ఆయన్ని నెలన్నర పాటు నా మాట కోసం కూర్చోబెట్టాను.

ఎక్కి కూర్చుని బండి మెల్లగా వెనక్కి తీశాను. అప్పటికే సన్నగా మంచు పడుతోంది. వీధిలో ఆపి చూస్తే, వాళ్ళ ఇంటి ముందు బండి నిలిచిన మేర నల్లగా, పొడిగా, పొడవాటి గది అంత చోటు కనపడింది. అంకుల్‌వి పెద్ద బూట్లు తొడుక్కుని ఆంటీ దాని మధ్యలో నిలబడి ఉన్నారు. ఆమె చుట్టూ ఆ నలుపు కూడా కొంచెం కొంచెంగా తెల్లబడుతోంది.