నీళ్ల మెసేజీ

నాకు ముక్కు మీద కోపం అని మా అమ్మ అంటుంది. కడపలో కొళాయి నీళ్ల కోసం కాచుకున్న మనిషికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడ ఉంటుందో నాకు తెలీదు. మా వీధికి నాలుగు రోజులకొకసారి నీళ్లు వదిలేవాళ్లు. వచ్చే రోజు తెలుసు, వచ్చే వేళ మాత్రం ఎవరికీ తెలీదు. పొద్దున ఎనిమిదింటికి రావచ్చు, పన్నెండింటికి రావచ్చు. వస్తే ముప్పావు గంట వస్తాయి. ఆ ముప్పావు గంటలో ఇంట్లో బిందె ఎత్తే మనిషి లేకపోతే మళ్లీ నాలుగు రోజులు ట్యాంకరు వెనక పరుగెత్తాల్సిందే.

అప్పుడు మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చెంబు తప్ప ఏదీ ఎత్తలేదు. నేను ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని, తొమ్మిదికల్లా కుర్చీలో ఉండాలి. అన్న తుమ్మలపల్లె గని దగ్గర పనిలో ఉండేవాడు. పదిహేను రోజులకొకసారి వచ్చి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, బస్సెక్కేవాడు. ఇంక మిగిలింది మా వదిన. ఇంట్లో నీళ్లన్నీ ఆమె నడుం మీదే వచ్చేవి.

ఆ వదిన ఇరవై తొమ్మిదేళ్ల వయసులో పదో తరగతి రాస్తానంది. తొమ్మిదిలో ఉండగా చదువు మాన్పించి పెళ్లి చేశారట. పక్క వీధి అంగన్‌వాడీ టీచరమ్మ మరుసటేడు దిగిపోతుందనీ, పది పాసైతే ఆ పనికి అర్జీ పెట్టుకోవచ్చనీ ఆమెకు ఎవరో చెప్పారు. దగ్గర్లోని బడిలో ఆడవాళ్ల కోసం ఓపెన్ పదో తరగతి పాఠాలు పెట్టారు, రోజూ పది నుంచి ఒంటిగంట దాకా. వదిన మా అన్న పాత డైరీ ఒకటి చంకన పెట్టుకుని వెళ్లి చేరింది. అక్కడి టీచరమ్మ మొదటి రోజే ఖరాఖండిగా చెప్పేసింది, హాజరు తగ్గినవాళ్ల పేరు పరీక్షకు పంపనని.

నెలకు ఏడెనిమిది నీళ్ల రోజులు. మొదటి నెల వదిన ఏడు నీళ్ల రోజులు క్లాసుకు పోలేదు. ఎనిమిదో నీళ్ల రోజు పోయి కూర్చుంటే, నీళ్లు వచ్చి, నీళ్లు పైకెక్కవని మా ఇంటి ముందు తవ్విన గుంతలోని కొళాయి తనంతట తాను పారి, కట్టేశారు. ఆ సాయంత్రం ఖాళీ డ్రమ్ము పక్కన కూర్చుని వదిన నవ్వుతూనే అంది: "నీళ్లు మోసేదానికి పదో తరగతి ఎందుకులే పాపా."

ఆమె నవ్వింది గానీ నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో కూడా తెలీదు.

వాల్వు తిప్పే ఆయన్ను మా వీధిలో అందరూ నీళ్ల భాయ్ అనేవాళ్లు. యాభై దాటిన మనిషి. సైకిలు కడ్డీకి వాల్వు తిప్పే మనిషెత్తు ఇనప తాళంచెవి ఒకటి కట్టుకుని తిరిగేవాడు. వీధి మొదట్లో మూత తీసి, ఆ తాళం లోపలికి దింపి తిప్పితేనే మాకు నీళ్లు. మాకంటే ముందు వెనక వీధికి వదులుతాడని అందరికీ తెలుసు. అంటే ముప్పావు గంట ముందే ఆయనకు తెలుసన్నమాట. నేను వెళ్లి, వెనక వీధి మూత తీసినప్పుడు మా ఆఫీసుకు ఒక్క ఫోను చెయ్యమని బతిమాలాను. ఆయన సెల్లు నుంచి మా ఆఫీసు నంబరుకు చేసి, "వెనక వీధి తిప్పినా పాపా" అని పెట్టేసేవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆఫీసు నుంచి వదినకు చెప్పడమెలా? మా ఓనరు తాతల కాలం నుంచి వ్యాపారంలో ఉన్న మనిషి. ఫోనుకు చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. బయటి నుంచి ఫోను వస్తే మాట్లాడొచ్చు, మనం చెయ్యడానికి లేదు. నాకు సొంత సెల్లు లేదు. అయితే ఫోనుకు తాళం వేసిన పెద్దమనిషి నెట్టుకు వెయ్యడం మరిచాడు. ఆ రోజుల్లో ఒక వెసులుబాటు ఉండేది. సెల్లు నంబరు కొట్టి, దాని వెనక ఆ సెల్లు కంపెనీ పెట్టిన అడ్రసు తగిలించి ఈమెయిలు పంపితే, అది పోయి సెల్లులో మెసేజీగా దిగేది. పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లు అమ్మది. నీళ్ల రోజు దాన్ని వదిన క్లాసుకు తీసుకుపోయేది. మెసేజీ రాగానే లేచి, పది నిమిషాలు నడిచి ఇంటికి. టీచరమ్మ ఆ గంటకు హాజరు మాత్రం కొట్టేయనంది.

మొదటి రోజు భాయ్ ఫోను రాగానే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాను. వదిన రాలేదు, నీళ్లు పోయాయి. ఇంటికొచ్చి సెల్లు చూస్తే మెసేజీ దిగే ఉంది. కానీ అందులో ఉన్నది మా కంపెనీ పేరు, మేలురకం విత్తనాల బుకింగు మొదలైందన్న కబురు, ఓనరు వందనాలు. ఏ ఈమెయిలు పంపినా ఆ కంప్యూటరు తనంతట తాను తగిలించే సంతకం అది. సంతకం కింద ఉంటుంది కదా అనుకున్నాను. మా ఓనరు దాన్ని నెత్తిన పెట్టించి ఉన్నాడు. మెసేజీలో పట్టేది నూట అరవై అక్షరాలు. విత్తనాలు ముందెక్కి కూర్చుంటే నీళ్లకు చోటేదీ? సంతకం తీసేసి, పైన విషయం రాసే గడి ఖాళీగా వదిలి, ఒకటే మాట పంపడం నేర్చుకున్నాను: నీళ్లు.

అక్కడి నుంచి మా వ్యవహారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. వదిన క్లాసుకు పోతోంది, డ్రమ్ములు నిండుతున్నాయి. ఎదురింటామె చూసి తన నంబరూ ఇచ్చింది. ఆమెను చూసి ఇంకొకరు. నెలలో పన్నెండు సెల్లులయ్యాయి. వీధిలో నన్ను చూసి మూతి తిప్పేవాళ్లు కూడా పిలిచి కాఫీ ఇవ్వసాగారు. మూలింటి తాత ఒకాయన మాత్రం మెసేజీని నమ్మక, పొద్దున నేను ఆఫీసుకు పోతుంటే ఆపి అడిగేవాడు, అది వస్తే నీళ్లు నిజంగా వస్తాయా అని.

తాతదే నిజమైంది. ఒకరోజు పొద్దున పదిన్నరకు పంపిన మెసేజీ మధ్యాహ్నం మూడుకు దిగింది. వదిన సెల్లు చూసుకుని, ఇవి ఏ నీళ్లో తెలియక బిందె పట్టుకుని గుంత దగ్గర నిలబడిందట. నేను పరీక్షలు మొదలుపెట్టాను. వదిన సెల్లుకు, ఎదురింటామె సెల్లుకు, తాత సెల్లుకు ఒకేసారి పంపి, ఎప్పుడు దిగిందో సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి రాసుకునేదాన్ని. ఎదురింటామెది వేరే కంపెనీ, వెంటనే దిగేది. మాదీ తాతదీ ఒకే కంపెనీ, గంటల తరబడి ఎక్కడో నిద్రపోయి వచ్చేవి. సరే, కంపెనీ మార్చుదామనుకునేలోపు ఎదురింటామె కంపెనీ కూడా నీరసించింది. ఇంకో వారానికి నేను పంపిన పన్నెండు ఈమెయిళ్లూ, అలాంటి అడ్రసే లేదని, పన్నెండూ వెనక్కి తిరిగొచ్చాయి.

సెల్లు కంపెనీవాళ్ల దుకాణానికి వెళ్లి అడిగితే, కౌంటరు దగ్గర టై కట్టుకున్న ఆయన అలాంటి సౌకర్యం ఎప్పుడూ లేదన్నాడు. మూడు నెలలుగా వాడుతున్నానన్నాను. అయితే పొరపాటున పనిచేసి ఉంటుందన్నాడు. అంత పొరపాటు మనిషితో ఏం మాట్లాడతాం, వచ్చేశాను.

తరవాత నెట్టులో ఉచితంగా మెసేజీలు పంపే సైటు ఒకటి పట్టాను. అది మన మాట కింద తన ప్రకటన తగిలిస్తుంది. నేను నీళ్లు అని పంపితే, దాని కింద మీకు తగిన జోడీ కోసం మా దగ్గర పేరు నమోదు చేసుకోండి అని దిగింది. మూలింటి తాతకు భార్య పోయి అయిదేళ్లు. ఆయన చదివించుకుని, ఆ సాయంత్రం మా గడప దగ్గరకొచ్చి, నాకు సంబంధాలు చూడమని నీకెవరు చెప్పినారని నిలదీశాడు. నేను క్షమించమంటుంటే అమ్మ లోపల కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది. తాత మెట్లు దిగబోతూ ఆగి, ఆ అమ్మాయిది ఏ ఊరు అని మెల్లగా అడిగాడు.

ఆ సైటు కూడా నెల తిరక్కుండా మూతపడింది. చివరికి నెట్టునే వదిలేసి మిస్డ్ కాల్‌కు దిగాం. మా అమ్మ సెల్లుకు భాయ్ ఒక్క రింగిచ్చి పెట్టెయ్యాలి, అంతే. దీనికన్నా తేలికేముంది? అప్పుడే మా అన్న సెలవుకొచ్చి, అమ్మ సంతోషపడుతుందని ఆ సెల్లుకు దేవుడి పాట పెట్టించిపోయాడు. ఫోను చేసినవాళ్లకు రింగు బదులు ఆ పాట వినబడుతుంది. భాయ్ ఒక్క రింగు కోసం చెవి దగ్గర పెట్టుకుంటే పాట మొదలైంది. రింగు వస్తే పెట్టేద్దామని పాటంతా విన్నాడట. రింగు రాలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ పాట. క్లాసులో అదే పనిగా మోగుతున్న సెల్లును టీచరమ్మ తీసుకుని బల్ల సొరుగులో పెట్టింది. వదిన ఇంటికొచ్చేసరికి నీళ్లు కట్టేశారు. నేను వెళ్లి అరిస్తే భాయ్ నొచ్చుకోలేదు, పాట శానా బాగుందన్నాడు.

ఇన్ని తిప్పలు పడి ఎలాగో హాజరు గట్టెక్కింది. వదిన పేరు పంపారు, హాల్ టికెట్టు వచ్చింది. క్యాలెండరు ముందు నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టి చూసుకుంటే, లెక్కల పరీక్ష సరిగ్గా నీళ్ల రోజున పడింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా. హాల్లోకి సెల్లు తీసుకుపోనివ్వరు. తీసుకుపోనిచ్చినా మధ్యలో లేచి రానివ్వరు. ఏప్రిల్ ఎండలు, ట్యాంకర్లు దొరకడం లేదు. ఇరుగుపొరుగును ఇప్పటికే పలుమార్లు అడిగాం, ఆ ముప్పావు గంటలో వాళ్ల తొట్లు వాళ్లకు నిండితే గొప్ప. నేను సెలవడిగితే ఓనరు విత్తనాల సీజను అన్నాడు. అమ్మ తానే పట్టుకుంటానంది, రెండు చెంబులు ఎత్తి చూపించి గోడ పట్టుకుంది.

వదిన ఆమెను కూర్చోబెట్టి, తక్కినవన్నీ రాస్తాననీ, లెక్కలు మాత్రం తర్వాత ఎప్పుడన్నా రాసుకుంటాననీ చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడన్నా అనేది మా ఇళ్లల్లో ఎప్పటికీ రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

నీళ్ల ట్యాంకు గది దగ్గర భాయ్ సైకిలు తుడుచుకుంటున్నాడు. నా కోపమంతా ఆయన మీద పోశాను. ఆరు నెలల నుంచి నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎప్పుడొస్తాయి అని నీ వెంట పడుతున్నాను, ఒక్కనాడన్నా ముందురోజే చెప్పావా అన్నాను. ఆయన గుడ్డ సైకిలు సీటు మీద పెట్టి, తాపీగా అన్నాడు:

"నీళ్లు ఎప్పుడొస్తాయని ఊరంతా అడుగుతాది పాపా. మీకు ఎప్పుడు కావాల్నో నాకు ఒక్కరన్నా చెప్పినారా?"

ఎప్పుడంటే అప్పుడు వదలగలవా అని అడిగాను.

రోజూ ఎనిమిది వీధులకు ఏడు నుంచి రెండింటి లోపల వదలాలి, ట్యాంకులో నీళ్లుంటే చాలు, ఏది ముందు ఏది వెనక అన్నది తన ఇష్టమే అన్నాడు. ట్యాంకు నిండిన వేళను బట్టి, తనకంటే ముందున్నాయన ఎలా తిప్పేవాడో అలాగే తిప్పుకుంటూ వచ్చాడట. మార్చమని అడిగినవాళ్లు లేరు. "మీ వదిన పరీక్ష ఎన్ని గంటలకు అయిపోతాదో మెసేజీ పెట్టు, నాకు మతిమరుపు," అన్నాడు. పన్నెండు సెల్లులకు నెలల తరబడి మెసేజీలు పంపిన నేను, ఆ రాత్రి అమ్మ సెల్లు నుంచి ఒక్క సెల్లుకు ఒక్క మెసేజీ పంపాను. వెంటనే చేరింది.

పరీక్ష రోజు పన్నెండు కొట్టగానే, ఓనరు భోజనానికి వెళ్లింది చూసి ఆఫీసు నుంచి బయటపడ్డాను. మా వీధి మలుపు తిరిగేసరికి రెండు వైపులా ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్లంతా ఇంత నీడ ఉన్న చోటల్లా కూర్చున్నారు. వీధి మొదట్లో ఎండలో, మూత పక్కన, నెత్తిన తువ్వాలు కప్పుకుని భాయ్ కూర్చున్నాడు. తాళం ఇంకా సైకిలుకే ఉంది. వీధివాళ్లు ఎప్పుడని అడిగితే, ఆ పిల్ల పరీక్ష రాసి రానీయండి అన్నాడట. ఎదురింటామె కాసేపు గొణిగి, తన బిందెల పక్కన మా బిందెలు కూడా తెచ్చి పెట్టింది. మూలింటి తాత గడియారం చూసుకుంటూ, పరీక్ష ఇడిచి ఉంటారు అని మాటిమాటికీ చెబుతున్నాడు.

పన్నెండున్నరకు వదిన వచ్చింది. ఖాళీ బిందెల్ని చూసి ఆమె మొహం పాలిపోయింది. ఈరోజు అసలు నీళ్లే రాలేదనుకుంది. భాయ్ లేచి నిలబడి అడిగాడు: "ఎట్ల రాసినావమ్మా?"

"ముప్పై అయిదు దాటుతాది భాయ్," అంది వదిన. నలభై ఒకటి వచ్చాయి.

భాయ్ అప్పుడు సైకిలుకు కట్టిన తాళంచెవి విప్పి, మూత తీసి, లోపలికి దింపి తిప్పాడు. వదినకు విషయం అర్థమై, హాల్ టికెట్టు నా చేతిలో పెట్టి, పరీక్ష కోసం కట్టుకున్న చీరతోనే గుంతలోకి దిగింది. నేను ఏడుస్తున్నానని అమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. మొదట గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్లు వచ్చాయి. అవి పారబోసి, తేటగా వచ్చిన మొదటి చెంబు పట్టుకుని వదిన బిందెలన్నీ దాటుకుంటూ వీధి మొదటికి నడిచింది. భాయ్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెంబు ఎత్తి గటగటా తాగాడు.

"పదహారేండ్లుగా ఈ వీధికి నీళ్లు ఇడుస్తాండా," అన్నాడు చెంబు తిరిగిస్తూ. "ఈ నీళ్లు తాగింది మాత్రం ఈ పొద్దేనమ్మా."