మా మామ చేసిన అధికారుల ప్రార్థన

పోయిన నెల ఒక ఆదివారం, అనంతపురంలో మేము పోయే చర్చికి ఎన్నికల్లో నిలబడిన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఆరాధన సగంలో ఉండగా వచ్చినా ఎవరూ ఏమీ అనుకోలేదు సరికదా, పాస్టరుగారే ఎదురెళ్ళి ఆయన్ను వేదిక మీదికి తీసుకుపోయి, శాలువా కప్పి, నెత్తిన రెండు చేతులూ పెట్టి, గెలుపు ఇప్పించమని గట్టిగా ప్రార్థన చేశారు. ముందు వరుసల్లో వాళ్ళు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారు. కళ్ళు మూసుకోవలసిన సమయంలో అందరి కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. నావి కూడా, లేకపోతే ఇదంతా నాకెలా తెలుస్తుంది! ఇంటికొచ్చాక నా మొహం చూసి మా కోడలు బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. బీపీ కాదు. ఎన్నికల్లో నిలబడిన మనిషి పేరు ప్రార్థనలో వినపడితే ఊపిరి బిగబట్టడం నాకు చాలా ఏళ్ళ కిందట అలవాటైంది. ఆ గుబులు ఇంకా వదల్లేదు.

అది ఎనభైల మొదట్లో మాట. మా అత్తగారి ఊరు తాడిపత్రి పోయే దారిలో, బస్సు దిగాక చాలా దూరం నడవాల్సిన ఊరు. ఊరికి కొంచెం ఎడంగా మా పేట, పేట మధ్యలో బండల కప్పు వేసిన చిన్న గుడి. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. మా మామ, అంటే మా ఆయన తండ్రి, ఆ గుడికి ఉపదేశి. టౌనులో ఉండే పాస్టరుగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం జరిపి పోయేవారు. మిగతా ఆదివారాలు పాట, ప్రార్థన, ప్రసంగం అన్నీ మామవే. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. మామూలుగా మాట్లాడితే పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేది కాదు, ప్రార్థన మొదలుపెడితే మాత్రం ఊరి అరుగుల మీద వాళ్ళకు కూడా వినపడేది. దేవుడికి చెవుడా అని మా అత్త దెప్పేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఆయనకొక అలవాటుండేది. కానుక పట్టే ముందు ప్రతి ఆదివారం అధికారుల కోసం ప్రార్థన చేసేవాడు. ఢిల్లీలో ఉన్న పెద్దలతో మొదలుపెట్టి, హైదరాబాదు మీదుగా కలెక్టరు, తాసిల్దారు, సమితి ఆఫీసు దాటుకుంటూ, మా ఊరి ప్రెసిడెంటు, కరణం, చివరికి తలారి దాకా వచ్చేవాడు. ఒక్కరిని వదిలిపెట్టేవాడు కాదు. వాళ్ళకు న్యాయం చేసే మనసివ్వు, పేదల గోడు వినిపించు అనేవాడు. అంత పొడుగు ప్రార్థనలో ఒక్క పేరు కూడా ఉండేది కాదు. కుర్చీ పేరే గానీ మనిషి పేరు చెప్పేవాడు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కొత్త కోడలు మామగారిని ప్రార్థన గురించి అడగడమేమిటి. కానీ ఊరివాళ్ళకు ఈ ప్రార్థన బాగా తెలుసు. గుడి పక్క దారిలో ఎద్దులు తోలుకుపోయే రైతులు కూడా ఆగి, ఈ వారం తలారి దాకా వచ్చినాడా లేదా అని నవ్వుకుని పోయేవారు. అంతవరకు అది నవ్వుకునే సంగతే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనక్కాయ గింజ మట్టిలోనే మాడిపోయింది. పేటలో ఉన్న ఒక్క బావి శివరాత్రి నాటికే ఎండిపోయింది. నీళ్ళకు ఊరవతల ఒక తోట బావికి పోయేవాళ్ళం. మేము బావి తాకకూడదు. గట్టు కింద బిందెలు పెట్టుకుని కూర్చుంటే, ఆ ఇంటి మనిషి ఎవరైనా వచ్చి తోడి పోయాలి. వాళ్ళకు తీరిక లేకపోతే కూర్చోవడమే. నేనప్పుడు నిండు నెలల మనిషిని. మా ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తూ శనివారం శనివారం వచ్చేవాడు. మిగతా రోజుల్లో నేనూ మా అత్తా. తిరిగొచ్చేటప్పుడు బిందె దించుకుని ఎక్కడపడితే అక్కడ కూర్చునేదాన్ని. ఈ ఎండలో దారిలోనే నొప్పులొస్తే ఎట్లా అన్న భయం నన్ను పగలంతా పట్టి ఉండేది.

అదే వేసవిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అప్పటి ప్రెసిడెంటుకు పోటీగా ఆయన చిన్నాన్న కొడుకే, వరసకు తమ్ముడే, నిలబడ్డాడు. ఇద్దరికీ పొలం గట్ల దగ్గర మొదలైన పగ. ఒకరు పోయే దారిలో రెండోవారు పోయేవారు కాదు. పోతే ఇద్దరి వెనకా కట్టెలు పట్టుకున్న మంది ఉండేవారు. ఊరు సగం అటు, సగం ఇటు. పేట ఓట్లు ఎటు వాలితే వాళ్ళదే కుర్చీ. మేము నీళ్ళు తెచ్చుకునే తోట బావి ఆ పోటీ చేసే తమ్ముడిది. పేటకు బోరింగు వేయించగలిగిన కుర్చీలో ఉన్నది ప్రెసిడెంటు, అంటే అన్న. ఈ రెంటి మధ్య మా బతుకు.

ఎన్నికలకు ముందు శుక్రవారం పొద్దున, బోరు వేసే లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి పేట మొదట్లో ఆగింది. పిల్లలు చుట్టూ మూగారు, ముసలివాళ్ళు దాన్ని చేత్తో తడిమి చూశారు. లారీ మాత్రం గొట్టం దించలేదు. ప్రెసిడెంటు మనిషి మా ఇంటికి వచ్చి, ఈ ఆదివారం ప్రార్థనలో అన్న పేరు చెప్పి గెలిపించమని అడగాలనీ, గుడి వదిలిన మరుక్షణం బోరు మొదలవుతుందనీ మామకు చెప్పాడు. మరుసటి రోజు బావి దగ్గర తమ్ముడి మనిషి మాకు నీళ్ళు పోస్తూ పోస్తూ చేద ఆపి, "ఆదివారం మేమూ ఇంటామని మీ మామకు చెప్పుమ్మా. ఆయప్ప పేరు వచ్చినాదంటే రేపట్నించి ఈ పక్క రావాకండి," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా బిందె సగమే నిండింది. మిగతాది అడక్కుండా అట్లాగే ఎత్తుకొచ్చాను.

శనివారం సాయంత్రం సంఘం పెద్దలందరూ మా వాకిట్లో చేరారు. ఒకరు పేరు చెప్పేయమంటారు, ఒకరు వద్దంటారు, ఇంకొకరు ఈ వారానికి జ్వరమని చెప్పి పడుకోమంటారు. ఆ చివరి సలహా నాకు చాలా నచ్చింది. బస్సు దిగి వచ్చిన మా ఆయన ఎవరు మాట్లాడినా తల ఊపుతూ కూర్చున్నాడు. మా అత్త అందరి ముందే మామను నిలదీసింది. "నోట్లో నుంచి ఒగ పేరు రాలితే నీ పరలోకం యాడికీ పోదులే. ఈ పిల్ల కడుపేసుకోని నీళ్ళకు యాడికి పోవల్ల చెప్పు," అంది. మామ, "బోరింగు ఏపిచ్చేది ఆయప్ప పని. చెయ్యల్లని వారం వారం దేవున్ని అడగతానే ఉండా. దానికి ప్రార్థనే కూలి అంటే ఎట్లిస్తా?" అన్నాడు. మామ ప్రభుత్వమంటే గిట్టని మనిషి కాదు. ఓటు రోజున అందరికంటే ముందు పోయి నిలబడేవాడు, తలారి ఎదురైనా దండం పెట్టేవాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం ఒళ్ళు మండిపోయింది. తాగడానికి నీళ్ళు లేనప్పుడు ఈ పట్టింపులేమిటి అనిపించింది. మామ మీద కోపం, కడుపులో బిడ్డ మీద బెంగ, రెండూ కలిసి నాకు అన్నం సహించలేదు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. పండగలకు కూడా రాని వాళ్ళు వచ్చారు. ఒక పక్క కిటికీ దగ్గర అన్న మనుషులు, ఇంకో పక్క తమ్ముడి మనుషులు, బయట గోడకు ఆనుకుని నిలబడ్డారు. మామ ఢిల్లీతో మొదలుపెట్టాడు. హైదరాబాదు అయింది, కలెక్టరు అయింది. తాసిల్దారు దగ్గరికి వచ్చేసరికి నేను మా అత్త చెయ్యి పట్టుకున్నాను. సమితి ఆఫీసు దాటాక మామ ఆగాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, పేర్లు చెప్పాడు. అన్న పేరు, తమ్ముడి పేరు, ఒక్క ఊపిరిలో. "తండ్రీ, ఈ ఇద్దరు అన్నదమ్ములు నీ ముందర నిలబడే పొద్దు ఒగటి వస్తాది. ఆ పొద్దు ఓట్లుండవు, మందీ ఉండరు. వీండ్లను ఆ పొద్దుకు సిద్ధం చెయ్యి," అన్నాడు. గెలుపు మాటే ఎత్తలేదు. నేరుగా కరణం దగ్గరికి పోయి, తలారితో ముగించి ఆమెన్ అన్నాడు. కళ్ళు తెరిచేసరికి రెండు కిటికీల దగ్గరా ఎవరూ లేరు.

మాకు ఆ మాటల్లో తప్పేమీ కనిపించలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి ప్రసంగంలో వింటున్న మాటలే అవి. కానీ కట్టెలు లేకుండా గడప దాటని ఊళ్ళో, ఎన్నికల వారంలో, ఒక మనిషి చావు గురించి గట్టిగా మాట్లాడితే దాన్ని ఎవరూ ప్రార్థన అనుకోరు. మామకు ఆ ఆలోచనే రాలేదు. మధ్యాహ్నానికల్లా ఉపదేశి అన్నదమ్ములిద్దరికీ చావు పెట్టినాడని ఊరంతా పొక్కింది. శాపనార్థాలు పెట్టాడని కొందరు, ఎవరో చంపబోతున్న సంగతి ఈయనకు ముందే తెలుసని కొందరు. తోట బావి దారికి ముళ్ళకంప అడ్డం పడింది. మా ఆయన తలుపు దగ్గర కూర్చున్నాడు, చేతిలో ఏమీ లేకుండా. ఏం పట్టుకోవాలో ఆయనకూ తెలియదు పాపం. మామ మాత్రం సంకటి తిని, చాప పరుచుకుని పడుకున్నాడు. నిద్ర పట్టిందో లేదో తెలియదు.

పొద్దు వాలుతుండగా ప్రెసిడెంటు జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. ఆయన దిగి, వెంట వచ్చిన వాళ్ళను అక్కడే ఉండమన్నాడు. అత్త మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు.

"ఏమప్పా ఉపదేశీ, నేను సావల్లని మొక్కినావంట."

"లేదయ్యా. సావు ఎవురికైనా వస్తాది. ఆ పొద్దు నీకు మేలు కావల్లని అడిగినా."

"నేను అడగమనింది ఎలక్షన్ గురించి."

"ఎలక్షన్‌కు నీకు శానా మంది ఉండారు," అన్నాడు మామ, చేతులు కట్టుకుని. "ఆ పొద్దుకు ఎవురుండారయ్యా?"

అంత పచ్చిగా ఆ మనిషితో ఎవరూ మాట్లాడి ఉండరు. అయిపోయింది, ఇక కొడతారు అనుకుని నేను గోడ పట్టుకున్నాను. ఆయన మామ వైపు చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఇంకేదో ఉంది, అది భయమేమోనని నాకు తర్వాతెప్పుడో తోచింది. చివరికి జీపు ఎక్కుతూ, లారీ ఎత్తేయమని తన మనిషికి చెప్పాడు. అంతే. బోరు లారీ వచ్చిన దారినే వెళ్ళిపోయింది, పేట మొత్తం దాని వెనకే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత రోజులు తలుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. పేట ఆడవాళ్ళం పెన్న ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో ఎత్తి తెచ్చుకున్నాం. కొన్ని ఇళ్ళవాళ్ళు గుడికి రావడం మానేశారు. కొందరు మామ ఎదురైతే మొహం తిప్పుకునేవారు, వాళ్ళ తప్పు కూడా లేదు. నేనూ మామతో మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, పలికేదాన్ని కాదు. నా కొడుకు పుట్టినప్పుడు వాడికి పోసిన మొదటి స్నానం కూడా ఆ చెలమ నీళ్ళు కాచి పోసిందే. ఏ ఆపదా లేకుండా పుట్టాడు గానీ, వాడి ఏడుపు వినేదాకా నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు.

ఎన్నికల్లో తమ్ముడు గెలిచాడు. గెలిచిన సంబరంలో బావి దారిలో ముళ్ళకంప తీయించాడు. బోరింగు ఆ తర్వాత కొన్నేళ్ళకు ఎవరో కలెక్టరు పుణ్యాన వచ్చింది. అన్న ఇంటి అరుగు ఖాళీ అయిపోయింది. మామ మళ్ళీ తన పద్ధతిలో పడ్డాడు: ఢిల్లీ, హైదరాబాదు, కలెక్టరు, ప్రెసిడెంటు. అందులో కొత్తగా ఒకటే మార్పు. తలారి తర్వాత, ఓడిపోయిన అన్న కోసం కూడా ప్రార్థన చేసేవాడు. ఆయనకు ఇప్పుడు పదవి లేదు కాబట్టి పేరు చెప్పాల్సి వచ్చేది. ఒక ఆదివారం బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని బయటికి వచ్చాను. గుడి గోడ పక్కన ఆ అన్న నిలబడి ఉన్నాడు, ఒక్కడే, వెంట ఎవరూ లేరు. నన్ను చూసి తలగుడ్డ సర్దుకుంటున్నట్టు నటించాడు. తన పేరు వచ్చేదాకా ఉండి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా చాలాసార్లు అట్లాగే చూశాను.

గొంతు తడవకుండా చేసిన మనిషికి ఈ సేవలేమిటి! అన్ని నెలల తర్వాత మామతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయప్ప ఇప్పుడు ఏ అధికారీ కాదు కదా, అధికారుల ప్రార్థనలో ఎందుకు అని అడిగేశాను. మామ నా చంకలో బిడ్డ వేలు పట్టుకుని ఆడిస్తూ, "ఏలేది అయిపాయలేమ్మా. సచ్చేది యాడికి పాయ?" అన్నాడు. నాకు వెంటనే కోపం పోలేదు. కానీ ఆ పూట మామకు రెండో ముద్ద అడగకుండానే వడ్డించాను.

మామ పోయాడు. ఆ అన్నదమ్ములూ పోయారు, ఎవరి కట్టెలకూ పని పడకుండా, ఎవరి మంచంలో వాళ్ళు. ఓడిపోయినాయన పేరు నాకు ఇంటిపేరుతో సహా గుర్తుంది. అన్ని ఆదివారాలు విన్న పేరు ఎట్లా మరుస్తాను? ఏ గెలుపు కోసం ఊరంతా వణికిపోయిందో, ఆ గెలిచిన మనిషి పేరేమిటా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. ఇంతకాలం గడిచాక, ఎంతకీ గుర్తుకు రావడం లేదు.