నిండని డిస్కు కోసం చెరిపించిన ఫొటోలు

2022 వానాకాలం. వడమాలపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను సిస్టమ్ అడ్మిన్‌ని. మా ల్యాబ్‌లోని నలభై కంప్యూటర్లలో దేనికీ సొంత హార్డ్ డిస్కు లేదు. స్విచ్చి వేయగానే పక్కగదిలోని సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చుకుని లేస్తాయి. దీన్ని నెట్‌వర్క్ బూట్ అంటారు. పిల్లల ఫైళ్లు సర్వర్‌లో ఉంటాయి. పని మధ్యలో పుట్టే తాత్కాలిక ఫైళ్లు మాత్రం ఆ కంప్యూటర్ ర్యామ్‌లోనే ఉండి, ఆపేస్తే పోతాయి. ఈ ఏర్పాటంతా నాదే. ఆ పొగరు కూడా కాస్త ఉండేది.

ఎంటెక్ చదివే రేష్మాది గూడూరు. వాళ్ల నాన్నకు నిమ్మకాయల మండీ ఉంది. ఆ పరిచయంతో తోటలన్నీ తిరిగి గజ్జి తెగులు పట్టిన ఆకులకు వేలకొద్దీ ఫొటోలు తీసింది. ఆకును చూసి తెగులు ఏ దశలో ఉందో కంప్యూటరే చెప్పాలన్నది ఆమె ప్రాజెక్టు. ఫోన్ నిండిపోతోందంటే, ఫొటోలు సర్వర్‌లో పెట్టి ఫోన్‌లోవి తీసెయ్యమని చెప్పింది నేనే.

ఒక మధ్యాహ్నం ఆమె కంప్యూటర్ ‘డిస్కులో చోటు లేదు’ అని ఆగిపోయింది. వెళ్లి డీఎఫ్ కొట్టాను. ఏ డిస్కు ఎంత నిండిందో వరుసలుగా చూపే కమాండ్ అది. పై వరుసలో నూటికి నూరు. కింది వరుసలు చూడలేదు. డిస్కున్న మామూలు కంప్యూటర్లలో పై వరుస చూస్తే సరిపోతుంది, ఆ అలవాటు. ఎవరి ఫోల్డర్ పెద్దదని వెతికితే రేష్మాది తేలింది.

“ఏమ్మా, సర్వరంతా నీదే అనుకున్నావా?” అన్నాను, అందరి ముందే.

“నెల రోజులుగా కొత్త ఫొటో ఒక్కటీ ఎక్కించలేదు సార్. నిన్న బాగానే పనిచేసినాది. ఒకసారి సర్వర్‌లో సూడండి.”

“ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండా. నాకు నేర్పొద్దు. సగం తీసెయ్.”

“ఒక్కరోజు ఆగండి సార్, హార్డ్ డిస్కు తెచ్చుకుంటా.”

నేను ఆగలేదు. పక్కన నిలబడి చెరిపించాను. మళ్లీ డీఎఫ్ కొడితే పై వరుస అలాగే ఉంది. సర్వర్ గదికి వెళ్లి చూస్తే అక్కడ సగానికి పైగా ఖాళీ. పై వరుస ఆమె కంప్యూటర్ ర్యామ్‌ది, నిండింది అదే. ప్రోగ్రామ్ వదిలిన తాత్కాలిక ఫైళ్లు అవి. కంప్యూటర్‌ను ఒక్కసారి ఆపి మళ్లీ వేస్తే పోయేవి. బ్యాకప్ చూద్దామంటే, ఫొటోలు బరువని ఆ ఫోల్డర్‌ను తప్పించిందీ నేనే.

అప్పుడైనా నిజం చెప్పవలసింది. పరువు పోతుందని భయపడ్డాను.

“సర్వర్‌లో ఏదో లోపమమ్మా. రికవరీ పెట్టినాను, ఫొటోలన్నీ తిరిగొస్తాయి, కొంచెం ఆగు.”

రికవరీ రెండోరోజుకే ముగిసింది. పట్టుమని పది ఫొటోలు కూడా రాలేదు. రేష్మా మాత్రం రోజూ పొద్దున వచ్చి తలుపు దగ్గర నిలబడేది. “చూస్తా ఉండామమ్మా” అనేవాణ్ని. మూడోవారం ఆ ముఖం చూడలేక కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఆ పొద్దే చెప్పింటే మర్నాడే తోటలకు పొయ్యుంటాను సార్. పోయిన వారమే తెగులు కొమ్మలన్నీ కత్తిరించి కాల్చేసినారు” అంది.

ఇప్పుడు ఏ అంకె కనిపించినా అది ఏ డిస్కుదో చూశాకే నోరు తెరుస్తాను. తప్పు జరిగితే ఆ గంటలోనే చెప్పెయ్యాలని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టిందనే అనుకున్నాను.

మరుసటి ఏడు రేష్మా మిగిలిన సగంతోనే ప్రాజెక్టు చూపించింది. ఫొటోలు ఇంత తక్కువ తీశావేమని బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగాడు.

“కొన్ని పోయినాయి సార్” అంది.

ప్రొజెక్టర్ చూసుకోవడానికి నేను ఆ గదిలోనే ఉన్నాను. ఇంత అశ్రద్ధ అయితే ఎలాగని ఆయన ఆమెను మందలించాడు. నేను లేచి నిలబడలేదు.