బావ బండి కుడి లైటు

దెయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ముప్పై ఏళ్ళు ఢిల్లీలో ప్రభుత్వ కారు నడిపాను. శ్మశానం గోడ పక్కన బండి ఆపుకుని నిద్రపోయిన రోజులున్నాయి. నన్ను ఏ దెయ్యమూ లేపలేదు. మనిషికి మనిషి చేసేది చాలదా, మళ్ళీ దెయ్యాలు కూడా ఎందుకు అనేవాణ్ణి.

అయినా ఒక్క సంగతి ఉంది. నాకు యాభై దాటాక అక్షరాలొచ్చాయి. వచ్చిన దగ్గర్నుంచి ఇది రాయాలనే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మేవాళ్ళు నమ్మండి, లేకపోతే లేదు.

ఏషియాడ్ ఆటల కోసం ఢిల్లీలో ఫ్లైఓవర్లు కడుతున్న రోజులు. ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో నేనూ, మా బావ సింహాచలమూ డ్రైవర్లం. ఆఫీసు పేరు రాయను. మాది శ్రీకాకుళం వైపు. బావ మా అప్ప పైడమ్మ మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నన్ను ఢిల్లీ తెచ్చి, స్టీరింగు పట్టడం నేర్పి, ఉద్యోగంలో పెట్టించినవాడు ఆయనే. ఇద్దరికీ చదువు లేదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర.

మావి అంబాసిడర్లు. ఆ బళ్ళ లైట్ల సంగతి నడిపినవాళ్ళకి తెలుసు. ఆఫీసు ఇచ్చే బల్బు కామెర్లు వచ్చిన కన్నులా పచ్చగా వెలిగేది. పైగా పోలీసు రూలు ప్రకారం అద్దం పై సగానికి నల్లరంగు. వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. జనవరి మంచులో మాత్రం ఆ వెలుగు బానెట్టు దాటి పోయేది కాదు.

అందుకని డ్రైవర్లు సొంత డబ్బు పెట్టి, కశ్మీరీ గేట్ బజారులో హేలోజన్ బల్బులు కొనుక్కునేవాళ్ళు. నేనూ ఒక జత కొన్నాను. ఊరికే బల్బు మారిస్తే చాలదు. పాత తీగలు అంత కరెంటు మోయలేవు, స్విచ్చి వేడెక్కి కరుగుతుంది. బ్యాటరీ నుంచి లావు తీగ వేరే లాగి, మధ్యలో రిలే అని చిన్న డబ్బా ఒకటి పెట్టాలి. మా షెడ్డు మెకానిక్ సర్దార్జీ నా బండికి ఆ పని చేసిపెట్టాడు. ఆ తర్వాత మంచులో కూడా లైటు కిందికి దించుకుని కొడితే, రోడ్డు అంచు తెలిసేది. అప్పటిదాకా గుడ్డివాడిలా నడిపానని అప్పుడు తెలిసింది.

ఆఫీసు దీనికి ఒప్పుకోదు. ఆరు నెలలకోసారి బళ్ళు చూసే ఆఫీసరు తనిఖీ, ఆయన్నే సాబు అనేవాళ్ళం. ముందురోజు మా బల్బులు పీకి దాచి, ఆఫీసు బల్బులు పెట్టేవాళ్ళం. ఆఫీసు బల్బు మాడిపోయి ఉంటే పక్క బండిది అరువు తెచ్చి చూపించేవాళ్ళం. సాబు చూసి వెళ్ళగానే ఎవరిది వాళ్ళకి. ఈ పద్ధతి సాబుకి తెలుసు, స్టోరు గుమాస్తాకి తెలుసు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఈ పద్ధతే మా కొంప ముంచింది.

ఆ జనవరిలో బావ బండికి కుడి లైటు పోయింది. ఎడమది ఒక్కటే పచ్చగా మిణుకుమంటోంది. గుమాస్తాని అడిగాడు. కాగితం రాయలేడు కాబట్టి నోటితోనే అడిగాడు.

"ఏక్ తో జల్ రహా హై నా? ఒకటి వెలుగుతోందిగా, రెండోది ఎందుకు, పెళ్ళికి వెళ్తున్నావా?" అని గుమాస్తా నవ్వాడట.

బావ సాయంత్రం నా దగ్గరికొచ్చాడు.

"ఒరే సూరీ, రేపు తెల్లారగట్ల పాలం ఎయిర్‌పోర్టుకి ఎల్లాల. మంచు సూస్తన్నావు గదా. నీ బల్బు ఒకటి ఇయ్యరా, ఎల్లొచ్చి ఇచ్చీస్తాను."

"నీ బండికి రిలే లేదు బావా. తీగలు కాలిపోతాయి."

"ఒక్క పూటకి ఏటి కాలిపోద్దిరా? పిల్లనిచ్చినప్పుడు మీ అయ్య కూడా ఇన్ని సాకులు సెప్పలేదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఇవ్వలేదు.

రిలే లేకపోతే తీగలు వేడెక్కుతాయన్నది నిజం. ఒక్క పూటకి ఏమీ కాదన్నదీ నిజమే. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు. అంతే. దీనికి వేరే పేరు పెట్టను.

మర్నాడు పొద్దున్న ఎయిర్‌పోర్టు దారిలో ధౌలా కువాఁ దాటాక, సగం రోడ్డు మీద ఆగి ఉన్న లారీ కిందికి బావ బండి దూరిపోయింది. లారీకి వెనక దీపం లేదు. లారీ చెక్క బాడీ ముందద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చింది. బావ అక్కడే పోయాడు. బండికి ఎడమ లైటు పగిలింది. కుడి లైటు మీద గీత కూడా పడలేదు.

అప్పకి ఇద్దరు చిన్నపిల్లలు. డ్యూటీలో పోయినవాడి భార్యకి ఆఫీసులో చిన్న ఉద్యోగం ఇస్తారు, క్వార్టరు కూడా ఉంచుతారు. అయితే తప్పు బండిదని తేలాలి. డ్రైవరుదని తేలితే ఏమీ లేదు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బావ లైటు అడిగిన సంగతే తనకి తెలియదని గుమాస్తా అన్నాడు. కాగితం ఏదీ అన్నాడు.

నేను అప్పకి ధైర్యం చెప్పాను. "కుడి లైటు మాడిపోయి ఉంది అప్పా. బండి అలాగే షెడ్డులో ఉంది. సాబు వచ్చి స్విచ్చి వేస్తే అందరికీ తెలుస్తుంది. అది చాలు మనకి."

అప్ప ఆ మాట పట్టుకుని అయిదు రోజులు కూర్చుంది.

అయిదో రోజు పదకొండు గంటలకు సాబు వచ్చాడు. పట్టపగలు. షెడ్డులో మేం నలుగురం. సాబు, గుమాస్తా, సర్దార్జీ, నేను. వాళ్ళు రాకముందే నేను లైటు దగ్గర వంగి చూశాను. చుట్టూ ఉన్న రిమ్ము స్క్రూ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. యాక్సిడెంటు నాటి బురద దాని మీద ఎండి పొలుసు కట్టింది. ఎవరు విప్పినా ఆ పొలుసు రాలిపోవాలి. రాలలేదు. షెడ్డుకి రోజూ తాళం.

బండి బ్యాటరీ పగిలిపోయింది కనక సర్దార్జీ వేరే బ్యాటరీ తెచ్చి తగిలించాడు. వెలుగు తెలియాలని షెడ్డు తలుపులు మూశాం. స్విచ్చి లాగాడు.

లైటు వెలిగింది.

పచ్చగా కాదు, తెల్లగా. ఎదురు గోడ మీద ఇటుకల సందులు లెక్కపెట్టొచ్చు. అద్దం పై సగం నల్లరంగు కదా, గోడ మీద సగం దాకా నీడ, కింద సగం పాలు ఒలికినట్టు. నా హేలోజన్ బల్బులు కూడా అంత వెలుగు ఇవ్వవు. అర నిమిషం వెలిగి ఉంటుంది. సర్దార్జీ స్విచ్చి ఆపేశాడు.

"లైట్ తో ఫస్ట్ క్లాస్ హై," అన్నాడు సాబు. నా వైపు తిరిగాడు. "సూరీ, నువ్వూ చూశావు. వెలిగిందా, లేదా?"

"వెలిగింది సాబ్, కానీ..."

"వెలిగింది. రాసుకో."

గుమాస్తా రాశాడు. నా వేలు పట్టుకుని ముద్ర వేయించాడు. ఏం రాశాడో నాకేం తెలుసు.

సాబూ గుమాస్తా బయటికి వెళ్ళగానే లైటు అద్దం మీద చెయ్యి పెట్టాను. అంత వెలుగు ఇచ్చిన లైటు చెయ్యి కాలాలి. కనీసం వెచ్చగా ఉండాలి. పక్కనున్న బానెట్టు ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.

సర్దార్జీని విప్పమన్నాను. స్క్రూ రాలేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి తీశాడు. లోపల ఆఫీసు బల్బే. గాజు లోపల మసి పట్టి ఉంది. తీగ తెగి రెండు కొసలు వెంట్రుకల్లా ఊగుతున్నాయి. బ్యాటరీకి పెట్టి చూశాం, వెలగలేదు. తిప్పి పెట్టాం, తట్టి పెట్టాం. వెలగలేదు. బండి తీగలూ చూశాం. పాతవే, సన్నవే, రిలే లేదు.

సర్దార్జీ పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. "ముఝే ఇస్ మే మత్ ఘసీటనా భాయీ," అన్నాడు. నన్ను ఇందులోకి లాగొద్దని. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా, తను ఏమీ చూడలేదనే అన్నాడు.

బల్బు పట్టుకుని సాబు గదికి పరిగెత్తాను. సాబు బల్బు చూశాడు, నా మొహం చూశాడు, నవ్వాడు.

"మీ షెడ్డులో బల్బుల ఆట నాకు తెలియదా సూరీ? ఇందాకటిది ఎక్కడ దాచావు?"

"మార్చలేదు సాబ్. రిలే లేకుండా అంత వెలుగు రాదు, మీరే చూడండి."

"అచ్ఛా, రిలేల సంగతి నీకు బాగానే తెలుసే. నీ బండి కూడా ఒకసారి చూడాలి."

నోరు మూసుకుని వచ్చేశాను. నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఇదీ రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి అప్పకి కబురు అందిపోయింది. గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను లోపలికి రానివ్వలేదు. నేను బల్బు ఇవ్వలేదని బావ పోయే ముందురోజే ఇంట్లో చెప్పాడట.

"బతికున్నోడికి ఇయ్యనోడివి, సచ్చినాక పెట్టేవేటిరా?"

"లేదప్పా, ఒట్టు. నా బల్బులు నా బండిలోనే ఉన్నాయి. వచ్చి చూడు."

"ఏటి సూడాల? మీ షెడ్డులో బల్బులు ఏ బండిలోంచి ఏ బండిలోకి ఎల్తాయో నాకు తెల్దా? మీ బావ సెప్పలేదా? సాబు మెప్పు కోసం పెట్టేవు. నీ ఉజ్జోగం కోసం పెట్టేవు. పో."

ఉద్యోగం రాలేదు. క్వార్టరు ఖాళీ చేయించారు. అప్ప యమున అవతల లక్ష్మీ నగర్‌లో ఒక గది తీసుకుని, తెలుగు ఆఫీసర్ల ఇళ్ళల్లో వంట చేసి పిల్లల్ని పెంచింది. నేను ఏది తీసుకెళ్ళినా గుమ్మంలోనే ఉండిపోయేది. మర్నాడు దాన్ని ఆవులకి పెట్టేసేది. ఏడేళ్ళు.

ఈలోగా నేను అడగని మనిషి లేడు. తెగిన తీగ కొసలు ఒకదానికొకటి తగులుకుంటే, తీగ పొట్టిదై ముందుకన్నా తెల్లగా వెలగొచ్చని ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఉండొచ్చు. మరి అద్దం ఎందుకు చల్లగా ఉంది? అర నిమిషం కదలకుండా ఎలా వెలిగింది? గుమాస్తా మార్చాడనుకుందామంటే, బురద పొలుసు అలాగే ఉంది.

బావే వెలిగించాడనుకుందామా? వెలిగించి తన పెళ్ళాం పొట్ట కొట్టుకున్నాడా? నా మీద కోపముంటే నన్నేదైనా చెయ్యాలి. బావ అలాంటివాడు కాదు. బతికుండగా ఆఫీసు ఇవ్వని వెలుగు, నేను ఇవ్వని వెలుగు, పోయాక ఎందుకొచ్చింది? వచ్చి ఎవరికి ఉపయోగపడింది? సాబుకి.

ఎనభైల చివర్లో అప్పకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి పెద్దాసుపత్రిలో చేర్చాం. నేను రోజూ అన్నం తీసుకెళ్ళేవాణ్ణి. ముట్టుకునేది కాదు. ఒక మధ్యాహ్నం పిల్లలు మందులకి వెళ్ళారు. అప్ప కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"సూరీ, ఇప్పుడైనా సెప్పు. పెట్టింది నువ్వే గదా?"

మళ్ళీ ఒట్టు వెయ్యబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను. అంత ఓపిక ఆమెకి లేదు.

"అవునప్పా. నేనే పెట్టాను."

"ఆ మాట అప్పుడే సెప్పీసుంటే, నాలుగు తిట్టి ఒగ్గీసేదాన్ని గదరా ఎదవా," అంది. తర్వాత అన్నం డబ్బా వైపు చెయ్యి చూపించింది. నేను కలిపి పెడితే నాలుగు ముద్దలు తింది. నాలుగో రోజు పోయింది.

ఆమెకి చెప్పింది అబద్ధం. ఆ లైటు నేను ముట్టుకోలేదు. అది ఎలా వెలిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అప్ప మాత్రం తనకి తెలుసనుకునే వెళ్ళిపోయింది.