పటేలు నెత్తిన మూట

మా అక్క ఉత్తరం రాకపోతే ఆ యుద్ధపు రోజుల్లో చేవెళ్ల బస్సెక్కే సాహసం నేను చేసేవాణ్ణి కాదు. "మీ బావ దౌరా సాబుకు వెట్టోళ్లను పంపనంటున్నడు. పటేలుగిరి పోయేటట్టున్నది. నువ్వొచ్చి జర చెప్పు" అని రాయించింది. మా బావ ఆ ఊరి పటేలు, మనుషులను పంపాల్సింది ఆయనే. దౌరా మీద, అంటే ఊళ్లు తనిఖీ చేయడానికి వచ్చే అధికారి సామానును ఊరివాళ్లు కూలి లేకుండా నెత్తిన మోసి, పొలిమేర రాయి దగ్గర పక్క ఊరివాళ్లకు అప్పజెప్పాలి. తాతల నాటి ఆనవాయితీ. దానికి అడ్డం తిరగడమేమిటి, ఈ మనిషికేమైనా పిచ్చా అనుకున్నాను. హైదరాబాదు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి, బావకు నాలుగు ముక్కలు నచ్చజెప్పలేనా!

పొద్దున ఏడింటికి అఫ్జల్‌గంజ్‌లో బస్సు. పెట్రోలు దొరక్క, బొగ్గు గ్యాసుతో నడపడానికి వెనకాల కొలిమి తగిలించారు. కిరాయి ఆరణాలు, మసి ఉచితం. లంగర్‌హౌజ్ దాటగానే ఒకసారి, మొయినాబాదుకు ముందు ఎత్తు మీద ఒకసారి ఆగి కొలిమి రాజేసుకున్నారు. నా పక్కన కూర్చున్న షాబాదు బట్టల వ్యాపారి నా నల్ల షేర్వాణీని పైకీ కిందికీ చూసి, "గిట్ల తయారైనరు, పెండ్లికా, కచేరికా?" అన్నాడు.

"మా బావకు బుద్ధి చెప్పనీకి."

"అయితే మంచి బట్టలు దండుగ" అని నవ్వాడు.

మొయినాబాదులో పావుగంట ఆగితే వేడి వేడి మిరపకాయ బజ్జీలు తిని చాయ్ తాగాము. ఆ బజ్జీల కోసమే మళ్లీ ఆ దారిన పోవచ్చు.

పదింటికి కనకమామిడి దగ్గర దిగాను. అక్క ఊరికి అక్కణ్ణుంచి రెండు మైళ్ల కాలిబాట. పెట్టె దింపుకొని చెమట తుడుచుకుంటున్నానో లేదో, పక్కన బావి మీద మోట కొడుతున్న ముసలాయన ఎడ్లను అక్కడే నిలబెట్టి పరుగెత్తుకొచ్చాడు. మాటా పలుకూ లేకుండా నా పెట్టె నెత్తికెత్తుకున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎందుకని అడగాలని కూడా నాకు తోచలేదు. హాయిగా చేతులూపుకుంటూ వెనక నడిచాను. సగం దారిలో పేరడిగితే యాకోబు అన్నాడు.

"మోట ఆగిపోయె గద?" అన్నాను.

"ఉల్లిమడి సగమే పారింది దొరా. తక్కింది ఎండుతది. ఏం జెయ్యాలె, తమరు దౌరాకొస్తిరి."

నా షేర్వాణీ చూసి నన్నే అధికారి అనుకున్నాడన్నమాట! కాదు మొర్రో అని పెట్టె దింపించాను. "అయ్యో, ముందుగాల చెప్పొద్దా!" అని నన్ను తిట్టినంత పని చేసి మోట దగ్గరికి ఉరికాడు. తక్కిన మైలూ పెట్టె నేనే మోశాను. మెడ పట్టేసింది.

అక్క పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర తింటూ బావకు జరిగింది చెప్పాను. బుద్ధి చెప్పడానికి వచ్చిన సంగతి ఎటు పోయిందో!

"నువ్వు ఒక్క మైలు మోసినవు. యాకోబు నలభై ఏండ్ల సంది మోస్తున్నడు" అన్నాడు బావ.

"మరి రేపు దౌరా వస్తే?"

"కోతలు నడుస్తున్నయి. మనుషులను గుంజుకరాను. సర్కారు పని గూడ ఆపను."

అక్క ముక్కు చీదింది. "పటేలుగిరి పోతే మన మొఖం ఎవరు చూస్తరు?"

"ఊరోళ్లు చూస్తరు లేవే."

మర్నాడు తొమ్మిదింటికి అధికారి గుర్రం మీద దిగాడు. వయసు మళ్లినవాడు, నెమ్మదస్తుడే. వెంట పరుపుచుట్ట, గిన్నెల పెట్టె. వెట్టివాళ్లేరని బంట్రోతు అరుస్తుంటే, బావ రుమాలును కుదురులా చుట్టి నెత్తిన పెట్టుకొని పరుపుచుట్ట ఎత్తుకున్నాడు.

"అందరు కోతల మీదున్నరు సాబ్. ఇయ్యాల వంతు నాది."

ఇక నేనేం చేయను? షేర్వాణీ విప్పి అక్క చేతికిచ్చి గిన్నెల పెట్టె ఎత్తుకున్నాను. "పటేల్ సాబ్, దించండి" అని అధికారి రెండుసార్లన్నాడు. బావ దించలేదు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది.

పొలిమేర రాయి దగ్గర పక్క ఊరి పటేలు తన వెట్టివాళ్లతో ఎదురుచూస్తున్నాడు. మూట అందుకోవలసిన మనిషి బావను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పటేలు నెత్తి మీది మూట నేనెట్ల అందుకుంట? మా పటేలే అందుకోవాలె గద."

ఆ పటేలు మొహం చూడాలి! ముందుకు రాడు, వెనక్కి పోడు. బావ మూటతో అలాగే నిలబడ్డాడు, చెమట ధారగా కారుతున్నది. చివరికి అధికారికే నవ్వొచ్చింది. "బండి కట్టించండి. ఇకమీద ఈ దారిలో నా సామాను బండి మీదే పోతుంది" అన్నాడు. పటేలుగిరి ఊసే ఎత్తలేదు. అప్పటికి నా గుండె కుదుటపడింది.

బావ మూట దించి మెడ తిప్పుకుంటూ, "మీ బడిల గిసొంటి లెక్క చెప్తరా?" అన్నాడు. నేనూ గిన్నెల పెట్టె దించుకున్నాను.

మూడోనాడు తిరుగు ప్రయాణం. అక్క సంతోషం పట్టలేక నా పెట్టెనిండా సజ్జలూ చింతపండూ కుక్కింది. రెండు మైళ్లు ఆగుతూ ఆగుతూ మోసి కనకమామిడి చేరేసరికి పదకొండు. దూరంగా బస్సు పొగ కనిపిస్తున్నది. యాకోబు బావి మీద మోట కొడుతున్నాడు.

"యాకోబన్నా, బస్సు దాంక పెట్టె జర పడతవా? కిరాయి ఇస్త" అన్నాను.

ఆయన ఎడ్లను ఆపలేదు. "మడి సగమే పారింది బాపు. రాను" అన్నాడు. అనేసి, నేనేమంటానోనని ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు.

పెట్టె నేనే ఎత్తుకొని బస్సుకు పరుగెత్తాను. హైదరాబాదు దాకా మెడ నొప్పే, అయినా అంత సంతోషంగా నేను ఏ ఊరి నుంచీ రాలేదు. అక్కడ కోట లేదు, జాతర లేదు. నేను చూసొచ్చింది ఆ ముసలాయన నోట వచ్చిన "రాను" ఒక్కటే. ఆ దారిన వెళ్లే పాఠకులకు నేను చెప్పేదొకటే. పెట్టె తేలికగా సర్దుకోండి.