ఇద్దరూ కలిసి తెరవలేని డేటాబేస్

మా మావది సముద్రం ఒడ్డున చేపల షెడ్డు. ఆయన కొడుకుది, అంటే మా బావది, చీపురుపల్లిలో కొట్టు. ఐసు పెట్టెల్లో ఏ చేప ఎంత ఉందో ఇద్దరికీ ఒకేసారి కనబడాలి, లేకపోతే ఉన్న సరుకునే ఇద్దరూ అమ్మేస్తారు. అప్పటికే ఆ గొడవతో తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గాయి. కంప్యూటర్ చదువుకున్న మేనల్లుణ్ణి కనక, మంచి డేటాబేస్ చూసే పని నా నెత్తిన పడింది.

మంచివన్నీ వాడే మనిషికి ఇంతని నెలనెలా అద్దె అడుగుతాయి. ఉచితంగా దొరికేదానికి ఆగకుండా నడిచే కంప్యూటర్ కావాలి, మా ఒడ్డున కరెంటుని నమ్మలేం. గుడ్డి కన్నా మెల్ల నయమని ఒక్క మనిషికి అద్దె కట్టి, ఆ పాస్‌వర్డే ఇద్దరికీ ఇచ్చాను. ఒకరు ఎక్కితే రెండోవారు దిగిపోతారు కాబట్టి పని కాగానే మూసెయ్యమన్నాను.

మావ మూస్తేగా! కొట్టు తెరిచాక దీపాల వేళ దాకా మూయకూడదు, లక్ష్మి వెళ్లిపోతుంది. కంప్యూటర్‌కీ అదే శాస్త్రం. పొద్దున్నే అగరొత్తి తిప్పి తెరిస్తే సాయంత్రం దాకా అలా ఉండాల్సిందే. నాకు ఒళ్లు మండింది. నువ్వు ఎక్కెయ్, ఆయనే దిగుతాడని బావకి ఫోన్లో చెప్పాను.

"మా అయ్య కూకున్న కుర్సీ లాగీమంటావేటి?" అన్నాడు బావ.

లాగలేదు. ఊహ మీదే అమ్ముకొచ్చాడు. ఒక పెళ్లివారికి విందుకి వంజరం చేప ఇస్తానని మాటిచ్చాడు, ఆ వంజరాన్ని మావ అప్పటికే బొబ్బిలి పంపేశాడు. పెళ్లివారు కొట్టు ముందు నిలబడి నానా మాటలన్నారు. వాటిని బావ దిగమింగాడు గానీ, తప్పంతా కొడుకుదేనని మావ ఒడ్డంతా చెప్పుకోవడం తట్టుకోలేకపోయాడు. కొట్టుకి తాళం వేసి, విశాఖలో ఎవరిదో కోల్డ్ స్టోరేజీలో పనికి చేరిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఇన్వర్టర్ తెచ్చి, ఎవరి పేరుతో వాళ్లు తెరుచుకునే ఉచిత డేటాబేస్ షెడ్డులో పెట్టాను. ఇది నీ పేరు, ఇది బావ పేరు, ఇద్దరూ ఒకేసారి చూసుకోవచ్చని మావకి చూపించాను. ఆయన తెర మీద కొడుకు పేరు దగ్గర వేలు పెట్టాడు.

"ఆడొస్తాడేట్రా?"

ముందురోజే బావని అడిగాను, రానన్నాడు. అదే చెప్పాను.

మరైతే ఆ పేరు తీసెయ్యమన్నాడు మావ. తీసేశాను.